కాలు పెడితే కూత.. కాలు తీస్తే మోత

క్లచ్ సన్న శబ్దంపై హోసూరు షెడ్లలో మూడు భాషల విచారణ

హోసూరు: బండి బాగానే పోతోంది. గేర్లు పడుతున్నాయి. లాగుడు తగ్గలేదు. కానీ పొద్దున్నే స్టార్ట్ చేసి క్లచ్ మీద కాలు పెట్టగానే కింద నుంచి సన్నగా ఓ కూత. పాటలు పెడితే వినపడదు. అద్దాలు ఎత్తినా వినపడదు. పక్కన కూర్చున్నవాళ్లను అడిగితే ‘నాకేం వినపళ్లేదే’ అంటారు. నడిపేవాడి చెవిలో మాత్రం జోరీగలా తిరుగుతూనే ఉంటుంది. వచ్చే వారం తిరుపతి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఆ జోరీగ నిద్ర పట్టనివ్వదు. తిరుగు ప్రయాణంలో చిత్తూరు దాటాక మొగిలి ఘాటు ఎక్కాలి. పిల్లాపాపలతో అక్కడ ఆగిపోతే..?

ఇలాంటి అనుమానంతో బాగలూరు రోడ్డు, రాయకోట రోడ్డు వైపు షెడ్లకు బండి తెచ్చేవాళ్లు ముందుగా అనే మాట ఒకటే: ‘క్లచ్ పోయినట్టుండాది, చూడన్నా.’ ఖరీదైన మాట ఇదే. క్లచ్ పోయిందని యజమానే తేల్చేశాక గేరుబాక్సు దించడానికి అడ్డేముంది? ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు.. మొత్తం సెట్టు మారుతుంది. బిల్లు వేలల్లో వస్తుంది. తీరా చూస్తే పెడల్ ఇరుసు దగ్గర గ్రీజు ఎండిపోయి కీచుమన్న సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఆ కీచు కొత్త క్లచ్‌తో పాటే ఇంటికి తిరిగొస్తుంది.

మేస్త్రీలంతా దగా చేస్తారని కాదు. సన్న శబ్దానికి ఒక చెడ్డ గుణం ఉంది. షెడ్డుకు రాగానే దాక్కుంటుంది. వేడెక్కిన బండిలో పొద్దుటి కూత ఉండదు. ఉన్నా గాలి కంప్రెసర్ మోతలో, సుత్తి దెబ్బల్లో కలిసిపోతుంది. చెవికి అందనిదాన్ని ఎంత పనిమంతుడైనా ఊహించి చెప్పాల్సిందే. శబ్దం ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నది యజమాని ఇంట్లోనే పట్టుకుని వెళ్తే ఊహతో పని ఉండదు.

సద్దు.. సత్తం.. శబ్దం

అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ కర్మాగారాలున్న ఊరు ఇది. బేరింగు, గేరు అనే మాటలు వంటింట్లో కూడా వినపడతాయి. ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దమనిషి వీధికొకరైనా దొరుకుతారు. సలహాకు కరువు లేదు. ముగ్గురిని అడిగితే మూడు రకాల సలహాలు, అదే చిక్కు.

షెడ్డులో భాషలూ మూడే. బెంగళూరు నంబరు బండి కన్నడంలో మొర పెట్టుకుంటుంది. సేలం వైపు నుంచి వచ్చింది తమిళంలో, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చింది తెలుగులో. ‘సద్దు’ తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి ఆస్తి. తమిళంలో ‘సత్తం’. 2006 చట్టంతో ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని కుర్రాళ్లు పానా పట్టుకుని కనిపిస్తారు. అయితే చెవికి లిపితో పని లేదు. గరగర, కీచు, గుర్రు, టకటక.. వీటిలో ఏదో ఒకటి సరిగ్గా చెబితే ఎటు వెతకాలో సగం తెలిసిపోతుంది. గరగర అంటే సాధారణంగా గ్రీజు అయిపోయిన బేరింగు. కీచు అంటే రెండు పొడి భాగాలు రాసుకోవడం. టకటక అంటే వదులైందేదో కొట్టుకోవడం. ఇవేమీ తిరుగులేని రుజువులు కావు. కానీ ‘ఏదో సౌండ్ వస్తా ఉండాది’ అనడం కంటే నయం.

పేరు తర్వాత ప్రశ్న. ‘కాలు పెడితే వస్తాదా, తీస్తే వస్తాదా?’ అనుభవం ఉన్న మేస్త్రీ మొదట అడిగేది ఇదే. అడగకుండా జాకీ పెట్టే చోటు నుంచి బండి వెనక్కి తిప్పుకున్నా తప్పులేదు.

లోపల ఎవరెప్పుడు తిరుగుతారు?

ఇంజను వెనక ఫ్లైవీలు ఉంటుంది. దాన్ని హత్తుకుని క్లచ్ ప్లేటు. ఆ ప్లేటును ఫ్లైవీలుకేసి అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. దాని నడుమ వేళ్లలా చీలిన స్ప్రింగు రేకులు ఉంటాయి. గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్య గాడుల్లో దూరి ఉంటుంది. పెడల్ తొక్కితే కేబులో, ఆయిలో ఫోర్కును కదిలిస్తుంది. ఫోర్కు రిలీజు బేరింగును ముందుకు తోస్తుంది. బేరింగు ఆ వేళ్లను నొక్కుతుంది. పట్టు సడలుతుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది కానీ గేరుబాక్సు షాఫ్టు నిలిచిపోతుంది.

గుట్టంతా ఈ తిరగడంలో, ఆగడంలో ఉంది. న్యూట్రల్‌లో కాలు తీసి ఉన్నప్పుడు గేరుబాక్సు షాఫ్టు, దాని బేరింగు తిరుగుతుంటాయి. కాలు పూర్తిగా పెడితే అవి ఆగుతాయి. రిలీజు బేరింగు సంగతి దీనికి తలకిందులు. కాలు పెట్టినప్పుడే దానిమీద బరువు పడుతుంది. కాబట్టి కాలు తీసి ఉన్నప్పుడు గరగరమంటూ, పూర్తిగా తొక్కగానే మాయమయ్యే శబ్దం క్లచ్‌ది కాకపోవచ్చు. గేరుబాక్సు షాఫ్టు బేరింగుదో, లోపలి పళ్లదో అయి ఉంటుంది. ముందు గేరు ఆయిలు మట్టం చూడాలి. అది తగ్గి మోత వస్తుంటే కొత్త క్లచ్ వేసి ఏం లాభం?

కాలు పెట్టగానే మొదలై, తొక్కేకొద్దీ పెరిగే గరగర రిలీజు బేరింగుది. ఎక్కువగా ఎదురయ్యే ఫిర్యాదు ఇదే.

మూడోది చాలామంది పొరబడేది. కాలు తీసి ఉన్నప్పుడు చిలకలా కిచకిచమంటుంది. పెడల్ మీద కాలి బరువు కొద్దిగా ఆనిస్తే చాలు, ఆగిపోతుంది. ఇదీ కాలు పెడితే పోయే శబ్దమే కదా అని గేరుబాక్సు బేరింగు ఖాతాలో వేసేస్తారు. తేడా ఎంత తొక్కామన్న దాంట్లో ఉంది. గేరుబాక్సు బేరింగు నోరు మూయాలంటే పట్టు పూర్తిగా వదిలేంత తొక్కాలి. ఊరికే ఆనిస్తే ఆగిందంటే వదులుగా ఆడుతున్న ఫోర్కునో, రిలీజు బేరింగునో అనుమానించాలి. చాలా కార్లలో ఈ బేరింగు ఎప్పుడూ వేళ్లను తాకుతూ తిరుగుతూనే ఉంటుంది. కాస్త ఆనిస్తే కుదురుకుంటుంది. అంగుళం తొక్కితే పోయిందా, అడుగంటా తొక్కితే పోయిందా అన్నది కాలికి గుర్తుండాలి.

బొలెరో, సుమో లాంటి వెనక చక్రాల బండ్లలో సాధారణంగా మరో చిన్న బేరింగు ఉంటుంది. గేరుబాక్సు షాఫ్టు కొస ఇంజను వైపు ఆనే చోట ఉండే పైలట్ బేరింగు. పూర్తిగా తొక్కి, గేరులో ఉంచి ఆగినప్పుడు మాత్రమే సన్నగా ఈల వేస్తే దానిమీద కన్ను పడాలి. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో చాలావాటికి ఈ బేరింగే ఉండదు.

ఇంటి ముందే పరీక్ష

చదునైన చోటు చూసుకుని, హ్యాండ్ బ్రేకు లాగి, న్యూట్రల్‌లో పెట్టాలి. పాటలు, ఫ్యాను, ఏసీ ఆపి, అద్దాలు దించాలి. గోడ పక్కన అయితే మేలు. గోడ శబ్దాన్ని తిరిగి చెవికి పంపుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

అన్నిటికంటే ముందు ఇంజను స్టార్ట్ చేయకుండానే పెడల్‌ను పదిసార్లు తొక్కి వదలాలి. అప్పుడే కీచుమందా? తిరిగేదేమీ లేదు కాబట్టి తిరిగే బేరింగు అరుపు కాదది. పెడల్ ఇరుసు, కేబులు, స్ప్రింగు, లేదా ఫోర్కు ఆనే బొడిపె. మొదటి మూడింటికీ గేరుబాక్సు దించక్కర్లేదు. ఈ చిన్న పని చేయక సెట్టు మార్చుకున్నవాళ్లను చూస్తే జాలేస్తుంది.

తర్వాత స్టార్ట్ చేసి కాలు తీసి వినాలి. మెల్లగా ఆనించి వినాలి. పూర్తిగా తొక్కి వినాలి. ఇంకొకరు బయట నిలబడి వింటే మంచిదే కానీ గేరు వేసినప్పుడు బండి ముందూ వెనకా, కిందా మనిషి ఉండకూడదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను గేరుబాక్సు గుల్లకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినడం పాత మేస్త్రీల విద్య. డాక్టరు గొట్టం లాంటిదే. బెల్టులు, ఫ్యానుల దగ్గర మాత్రం ఇది ప్రమాదం. అలవాటు లేనివాళ్లు జోలికి పోకూడదు.

ఏసీ సంగతి మరిచిపోకూడదు. ఏసీ కంప్రెసర్‌కూ ఒక క్లచ్ ఉంటుంది. అయస్కాంతంతో పట్టుకునేది. దాని పుల్లీ బేరింగు అరిస్తే కాలి పెడల్‌తో సంబంధం లేకుండా వస్తూనే ఉంటుంది, ఏసీ వేస్తే స్వరం మారుతుంది. ‘క్లచ్ బేరింగు పోయింది’ అని ఒకరు, ‘మార్పించాను కదా’ అని మరొకరు వాదించుకునేటప్పుడు ఇద్దరి మనసులోనూ వేర్వేరు క్లచ్‌లు ఉండొచ్చు. ఇక బండి నడిచే వేగంతో పెరిగి, న్యూట్రల్‌లో దొర్లించినా ఆగని ‘ఊఁ’ అనే మూలుగు చక్రం బేరింగుదో, టైరుదో.

వాన పడ్డ మర్నాడు, లేక నాలుగు రోజులు కదలకుండా ఉన్నాక మొదటి రెండు మూడు సార్లు వదిలేటప్పుడు కాస్త గీరుకుంటే కంగారు వద్దు. ఫ్లైవీలు మీద పట్టిన తేమ, పలుచని తుప్పు అది. నాలుగు అడుగులు పోతే రాలిపోతుంది.

సిల్క్ బోర్డు దాకా ఎడమ కాలిదే పాపం

హోసూరు నుంచి బెంగళూరు దగ్గర దగ్గర 40 కిలోమీటర్లు. అత్తిబెలె, బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు. 2010లో ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవరు తెరిచాక పైనుంచి పోయేవాళ్లకు సుఖమే, కానీ దిగేది మళ్లీ ఆ రద్దీలోకే. ఈ దారిలో రోజూ పోయేవాళ్లకు ఎడమ కాలికి సెలవుండదు. సిగ్నలు దగ్గర ఫస్ట్ గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టి కూర్చుంటారు. ఊరికే నిలబడ్డా ఇంజను నిమిషానికి 800 చుట్ల దాకా తిరుగుతుంది. 2 నిమిషాల సిగ్నలులో రిలీజు బేరింగు బరువు మోస్తూ 1,600 చుట్లు తిరిగినట్టు. న్యూట్రల్ చేసి కాలు తీస్తే ఆ మోత బరువు ఉండదు. నడుస్తున్నప్పుడు పెడల్ మీద కాలు ఊరికే ఆనించి ఉంచేవాళ్లదీ ఇదే కథ. బేరింగే కాదు, పట్టు సగం సడలి ప్లేటూ అరుగుతుంది.

కేబులు క్లచ్ బండ్లలో పెడల్‌కు పైన కొద్దిపాటి వదులు ఉండాలి. ఎంతన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది లేకపోతే కాలు తీసినా బేరింగుకు విశ్రాంతి లేదు. సరిచేయడం నిమిషాల పని, అయినా ఎవరూ అడగరు. ఆయిలుతో పనిచేసే క్లచ్‌లో ఈ వదులు తనంతట తానే సర్దుకుంటుంది. అక్కడ చూడాల్సింది బ్రేకు ఆయిలు డబ్బా మట్టం.

తిరుపతికి వెళ్లొచ్చా?

యజమానికి కావాల్సిన జవాబు ఇది. సన్నగా, మారకుండా వినిపించే రిలీజు బేరింగు కొన్నాళ్లు నడుస్తుంది. ఎన్ని కిలోమీటర్లని లెక్క కట్టి ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. కానీ కూత గరగరగా ముదిరితే, పెడల్ కింద కాలికి వణుకు తగిలితే, రివర్స్ గేరు గర్రుమంటూ పడుతుంటే, పెడల్ లోపలికి జారిపోతుంటే ఘాటు మాట మరిచిపోయి ముందు షెడ్డుకే. బేరింగు పట్టేస్తే ప్రెషర్ ప్లేటు వేళ్లను కొరికేస్తుంది. అప్పుడు గేర్లే పడవు. వందల్లోనో, కొంచెం ఎక్కువలోనో పోయే బేరింగు సెట్టును కూడా వెంట తీసుకుపోతుంది.

ఘాటు ఎక్కేటప్పుడు ఆపేది శబ్దం కంటే జారుడు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో పోతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే, ఇంజను హోరు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. కాలిన వాసన దానికి తోడు. ఆ బండితో చిత్తూరు నుంచి పలమనేరు ఎక్కడం సాహసం. శబ్దం లేదు కదా అని ధైర్యం చెప్పేవాళ్ల మాట అప్పుడు వినకూడదు.

దించాక చూడాల్సినవి

బేరింగు ధర కంటే గేరుబాక్సు దించి ఎక్కించే కూలీ పెద్దది. కాబట్టి ఒకసారి దించాక బేరింగు ఒక్కటే మార్చి ప్లేటు వదిలేయడం, ప్లేటు చాలావరకు అరిగి ఉంటే, లెక్క తెలియనితనం. ప్లేటు ఇంకా మందంగా, వేళ్లు నున్నగా ఉంటే సెట్టు కొనమని బలవంతపెట్టడం మరో రకం. దించినప్పుడు యజమాని పక్కనే ఉండి చూడటం మంచిది. ఇంజను వెనక ఆయిలు సీలు చెమర్చిందా? ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, గీతలు ఉన్నాయా? ఫోర్కు ఆనే బొడిపె అరిగిందా? పాత ఫోర్కు అలాగే ఉంచి కొత్త బేరింగు వేస్తే కిచకిచ మళ్లీ వస్తుంది. గాడులకు గ్రీజు సన్నటి పూతగా చాలు. ఎక్కువైతే వేడికి చిమ్మి ప్లేటును పాడు చేస్తుంది.

కొన్ని షెడ్లలో ఒక అలవాటుంది. పాత రిలీజు బేరింగును కిరోసిన్‌లోనో, పెట్రోలులోనో ముంచి కడిగి తిరిగి వేస్తారు. మూతతో వచ్చే ఆ బేరింగులో గ్రీజు జీవితకాలానికి సరిపడా నింపి ఉంటుంది. కడిగితే ఉన్న కాస్తా కొట్టుకుపోతుంది. కొత్తదే కొనాలి.

తీసిన పాత సామాను అడిగి తీసుకోవాలి. బేరింగును వేలికి తొడిగి, కొంచెం అదిమి తిప్పి చూడొచ్చు. వేలికి గరుకు తగిలితే పొద్దుటి కూత దానిదే. నున్నగా తిరిగితే మాత్రం కూలీ లెక్క తేల్చకముందే బండి స్టార్ట్ చేయించి, పాటలు ఆపి, మళ్లీ కాలు పెట్టి, కాలు తీసి వినాలి.