కారు మీద పురుగులు, తారు, చెట్ల జిగురు: రుద్దే ముందు అదేంటో చూడండి

ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం. లెన్స్ మీద దుమ్ము పడితే మైక్రోఫైబర్ గుడ్డ కోసం వెతుకుతాం. అదే లక్షలు పోసి కొన్న కారు పెయింట్‌ని మాత్రం గిన్నెలు తోమే స్క్రబ్బర్‌కి అప్పగించేస్తాం. నేనూ అదే చేశాను.

సరూర్‌నగర్‌లో మా వీధిలో నీడ ఉన్న పార్కింగ్ ఒక్కటే, పక్కింటి వాళ్ల మామిడి చెట్టు కింద. సంక్రాంతికి విజయవాడ వెళ్లి రాత్రి డ్రైవ్ చేసుకుంటూ తిరిగొచ్చాం. ఎల్‌బీ నగర్ చేరేసరికి బంపర్ నిండా పురుగులు. దారిలో ఒకచోట కొత్తగా వేసిన రోడ్డు మీద నుంచి రావడంతో డోర్ల కింద నల్లటి చుక్కలు. 'ఆదివారం కడుగుదాంలే' అనుకుని చెట్టు కింద పెట్టేశాం. రెండు ఆదివారాలు గడిచాయి. ఈలోగా రూఫ్ అంతా జిగురు.

వాష్ చేసే అబ్బాయి చూసి, "గట్టిగ రుద్దితే పోతది అన్నా" అన్నాడు. నిజంగానే పోయింది. దాంతోపాటు మెరుపు కూడా పోయింది. ఫోన్ ఫ్లాష్‌లైట్ వేసి చూస్తే రూఫ్ మీద సాలెగూడు లాంటి గీతలు. అది నాన్న రిటైరయ్యాక కొన్న కారు. ఆయన ఏమీ అనలేదు. వేలితో ఒకసారి తడిమి చూసి లోపలికి వెళ్లిపోయారు.

తర్వాత తెలిసిన విషయం ఇంకా బాధపెట్టింది. మేం అంత గట్టిగా రుద్దింది చెట్టు జిగురు కానే కాదు. తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచితే కరిగిపోయే పంచదార పాకం లాంటిది.

పెయింట్ మందం ఎంత?

కంపెనీ వేసిన పెయింట్ పొరలన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన మెరిసే క్లియర్ కోట్ 30 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం అటూఇటుగా 70 మైక్రాన్లు. అంటే ఎండ నుంచి, వాన నుంచి రంగుని కాపాడే పొర వెంట్రుక కంటే పలచన. గీతలు పడ్డాక పాలిష్ చేయించడం అంటే ఆ పొరనే ఇంకొంచెం అరగదీయడం. ఫోన్ స్క్రీన్‌గార్డ్‌లా పీకేసి కొత్తది వేయలేం.

కాబట్టి సూత్రం ఒక్కటే: బలంతో కాదు, కరిగించి తీయాలి. దేన్ని ఏది కరిగిస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పురుగులు: నానబెట్టండి

హైవే మీద రాత్రిపూట, ముఖ్యంగా వాన పడ్డాక ఉసిళ్లు లేచిన రోజున, బంపర్, బానెట్ అంచు, అద్దం పురుగులతో నిండిపోతాయి. వాటి శరీరంలోని ప్రొటీన్లు, ఆమ్లాలు ఎండకి పెయింట్ మీద గట్టిపడతాయి. రోజులు గడిస్తే క్లియర్ కోట్‌లో మచ్చ దిగిపోతుంది. ఆ మచ్చ కడిగితే పోదు.

పద్ధతి సింపుల్. కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లారాలి. ముందు నీళ్లు కొట్టి దుమ్ము వదిలించండి. కార్ షాంపూ కలిపిన నీళ్లలో పాత టవల్ తడిపి పురుగులున్న చోట కప్పేయండి. పది నిమిషాలు ఆగి, టవల్‌ని మెల్లగా లాగుతూ తీయండి. ఇంకా మిగిలితే మళ్లీ కప్పండి. అంతేగానీ స్క్రబ్బర్ వద్దు, గోరు కూడా వద్దు.

ఏడాస్ ఉన్న కార్లకి ఇది అందం సంగతి మాత్రమే కాదు. ఎక్స్‌యూవీ700, 2023 వెర్నా లాంటి కార్లలో ముందు అద్దం వెనక కెమెరా, ముందు భాగంలో రాడార్ ఉంటాయి. వాటి ముందు పురుగుల పొర పేరుకుంటే సిస్టమ్ సరిగ్గా చూడలేదు. లాంగ్ డ్రైవ్‌లో టీ కోసం ఆగినప్పుడు ఆ రెండు చోట్లా తడి మైక్రోఫైబర్‌తో తుడవడం అలవాటు చేసుకోండి.

తారు: నూనె జాతికి నూనె జాతే

తారు పెట్రోలియం నుంచి వచ్చేది. నీళ్లు, షాంపూ దాన్ని ఏమీ చేయలేవు. దాన్ని పెట్రోలియం జాతి సాల్వెంటే కరిగిస్తుంది. కార్ యాక్సెసరీస్ షాపుల్లో టార్ రిమూవర్ పేరుతో దొరికేది అదే. కారు మామూలుగా కడిగి ఆరాక, గుడ్డ మీద కొద్దిగా స్ప్రే చేసి చుక్క మీద ఆనించండి. ఒక నిమిషంలో గోధుమరంగులో కరిగి కారుతుంది. తుడిచి, గుడ్డ మడత మార్చి, తర్వాతి చుక్కకి వెళ్లండి. చివర్లో ఆ భాగాన్ని షాంపూతో మళ్లీ కడగాలి. చుక్కలు తక్కువుంటే కొబ్బరినూనె రాసి కాసేపు వదిలేసినా మెత్తబడతాయి, కాకపోతే ఓపిక కావాలి.

చాలామంది వాడే పెట్రోల్ గుడ్డ మాత్రం వద్దు. తారుని కరిగిస్తుంది, నిజమే. కానీ మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదిలే ద్రవం అది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. కిరోసిన్ అంత త్వరగా అంటుకోదు గానీ, జిడ్డు పొర వదిలి దుమ్ముని పట్టేస్తుంది. థిన్నర్ అయితే పెయింట్‌నే లేపేస్తుంది.

ఇంకో జాగ్రత్త. హెడ్‌ల్యాంప్ కవర్ గాజు కాదు, పాలీకార్బొనేట్. పాత లూమియా ఫోన్ల బాడీ గుర్తుందా, అదే మెటీరియల్. ఘాటైన సాల్వెంట్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. లైట్ల మీద షాంపూ నీళ్లు చాలు.

'చెట్టు జిగురు'లో నాలుగు రకాలు

అసలు తికమక ఇక్కడే. విదేశీ వీడియోల్లో 'ట్రీ శాప్' అనగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీస్తారు. వాళ్ల గొడవ ఎక్కువగా పైన్ చెట్లతో. దాని నుంచి వచ్చేది రెజిన్, మన గుగ్గిలం జాతి. నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. మన వీధుల్లో కథ వేరు.

మొదటిది బంక. వేప, తుమ్మ చెట్ల నుంచి వచ్చేది ఇదే. కవర్లు అంటించడానికి ఒకప్పుడు వాడిన తుమ్మబంక గుర్తుందిగా, తడి తగిలితే జారేది. గోరువెచ్చని తడి టవల్ కప్పితే మెత్తబడి వచ్చేస్తుంది.

రెండోది పాలు. మర్రి, రావి, మేడి చెట్లవి. ఎండితే రబ్బరులా సాగుతుంది. దీనికి నీళ్లు పనిచేయవు. తారుకి చెప్పిన పద్ధతే, టార్ రిమూవర్.

మూడోది రెజిన్. ఆవరణలో పైన్ జాతి అలంకరణ మొక్కలుంటే ఇది పడొచ్చు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి తడిపి అర నిమిషం ఆనించి తుడవాలి, వెంటనే కడిగేయాలి. ముందు కంటికి కనపడని మూలలో టెస్ట్ చేయడం మరవద్దు.

నాలుగోది మా కారు మీద పడింది. మామిడి పూత మీద చేరే చిన్న పురుగు రసం పీల్చి, తియ్యటి ద్రవాన్ని వదులుతుంది. రైతులు దాన్ని తేనెమంచు పురుగు అని ఊరికే అనలేదు. పూత కాలంలో చెట్టు కింద ఉన్న ప్రతిదీ జిగటగా మారేది అందుకే. అది చక్కెర, నీటిలో కరుగుతుంది. వదిలేస్తే మాత్రం దాని మీద నల్లటి బూజు పడుతుంది.

ఏ రకమో తేలకపోతే ఎప్పుడూ నీళ్లతోనే మొదలుపెట్టండి. పది నిమిషాల తడి టవల్‌కి లొంగకపోతేనే సీసా తీయండి.

చివరి స్టెప్

సాల్వెంట్ మరకతో పాటు మైనపు పూతనీ తీసేస్తుంది. తుడిచిన చోట వ్యాక్స్ మళ్లీ రాయాలి. ఆ పూత ఉంటే తర్వాతి సారి పురుగులు కూడా తేలిగ్గా వదులుతాయి. పీపీఎఫ్, ర్యాప్, మ్యాట్ ఫినిష్ ఉన్నవాళ్లు ఏ సాల్వెంట్ వాడినా ముందు దాని తయారీదారు సూచన చదవాలి.

మా కారుకి పాలిష్ చేయించాం. గీతలు చాలావరకు తగ్గాయి, కొన్ని ఉండిపోయాయి. పార్కింగ్ ఇప్పటికీ అదే చెట్టు కింద. పూత వచ్చిందంటే చాలు, రెండు రోజులకోసారి నాన్న పొద్దున్నే తడి టవల్ తెచ్చి రూఫ్ మీద పరుస్తారు. పక్కన కుర్చీ వేసుకుని పేపర్ చదువుతారు. పేపర్ అయ్యేసరికి జిగురు వదిలిపోతుంది.

"రుద్దే పనే లేదురా" అంటారు.