సీసా బోర్లిస్తే దిగేది గ్లిజరిన్ కాదు

గ్లాసు నిండా నీళ్లు పోస్తారు. బీరు సీసా మూత తీసి, బొటనవేలు అడ్డుపెట్టి, తలకిందులు చేసి, మూతి నీళ్లలో మునిగేలా నిలబెడతారు. మూతిలోంచి జిడ్డుగా, సన్నటి తీగలు తీగలుగా ఏదో కిందికి జారుతుంది. "చూశావా, గ్లిజరిన్!" అని బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతారు. కాసేపటికి తీగలు ఆగిపోతాయి. బీరు శుద్ధి అయిందని తీర్మానించి అప్పుడు తాగుతారు. దేశమంతా ఉన్న పిచ్చే ఇది. మన పర్మిట్ రూముల్లో అయితే, కొత్తగా తాగడం మొదలెట్టిన కుర్రాడికి సీనియర్లు నేర్పే మొదటి విద్య. ఇప్పుడు బోలెడు డబ్బు పోసి కొన్న విదేశీ పిల్స్నర్ సీసాలకు కూడా ఈ అభిషేకం జరుగుతోంది. చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది.

ఆ తీగలేమిటో చూద్దాం. బీరులో 90 శాతానికి పైగా నీళ్లే. మిగిలినదాంట్లో ఆల్కహాలు నీటికన్నా తేలిక, ఈస్ట్ తినకుండా వదిలేసిన మాల్ట్ చక్కెరలు నీటికన్నా బరువు. చాలా బీర్లలో ఈ రెండోదానిదే పైచేయి. అందుకే బీరు నీటికన్నా కాస్త ఎక్కువ తూగుతుంది, నీళ్లలోకి దిగుతుంది. రెండింటిలోనూ వెలుగు ఒకేలా వంగదు కాబట్టి అవి కలిసేచోట మెలికలు కనిపిస్తాయి. శ్రీరామనవమికి పానకం కలిపేటప్పుడు బెల్లం పాకం నీళ్లలోకి దిగేదీ ఇలాగే. అక్కడ గ్లిజరిన్ అని ఎవరూ కేకపెట్టరు. నమ్మకం కుదరకపోతే ఖాళీ సీసాలో పంచదార నీళ్లు పోసి ఇదే పద్ధతిలో బోర్లించండి. అవే తీగలు వస్తాయి. కాసేపటికి ఆగిపోయేవి కూడా అందుకే: మూతి దగ్గర బీరూ నీళ్లూ కలిసిపోయి బరువు తేడా తగ్గిపోతుంది. శుద్ధి జరిగి కాదు.

సీసాలోంచి బీరు దిగిందంటే ఆ మేరకు నీళ్లు పైకెక్కాయని కూడా ఎవరికీ తట్టదు. గ్లాసులో పడింది మాల్ట్ సారం. సీసాలోకి ఎక్కింది కుళాయి నీళ్లు, వాటితోపాటు సీసా మూతి అంచున అంటుకున్న తుప్పూ దుమ్మూ. ఈలోగా గ్యాసూ పోయింది, చల్లదనమూ పోయింది. కొన్నదాంట్లో పనికొచ్చే భాగాన్ని పారబోసి, మిగిలినదాన్ని భక్తిగా తాగడమే ఈ శుద్ధి.

బీరులో అసలు గ్లిజరినే ఉండదా? ఉంటుంది. చక్కెరను ఆల్కహాలుగా మార్చే పనిలో ఈస్టే కాస్త గ్లిజరిన్‌ను పుట్టిస్తుంది, లీటరుకు సుమారు ఒకటి రెండు గ్రాములు. వైన్‌లో అంతకు కొన్ని రెట్లుంటుంది, అయినా వైన్ సీసాను బోర్లించినవాడు నాకింతవరకు తారసపడలేదు. పైగా గ్లిజరిన్ నీళ్లలోనూ ఆల్కహాలులోనూ పూర్తిగా కలిసిపోయే పదార్థం. కలిశాక అదొక్కటే విడివడి బుద్ధిగా మూతిలోంచి దిగిరాదు. "నిలవ ఉండటానికి కంపెనీవాళ్లు కలుపుతారు" అనే మాట ఇంకొకటి. బీరు నిలవ ఉండేది ఆల్కహాలు వల్ల, దానికుండే పులుపు వల్ల, హాప్స్ అనే చేదు పూల వల్ల, గాలి చొరబడకుండా నింపడం వల్ల, ఆ తర్వాత చేసే పాశ్చరైజేషన్ వల్ల. గ్లిజరిన్ ఆ పని చెయ్యాలంటే సీసాలో సగం దాకా అదే ఉండాలి. అప్పుడు దాన్ని బీరని అమ్మడం ఎవరి తరమూ కాదు.

అసలు అన్యాయం మరోచోట ఉంది. బీరు ఎంత బరువైతే తీగలు అంత బాగా కనిపిస్తాయి. ఏ బీరు బరువు? మాల్ట్ ధారాళంగా వేసి, అందులో కొంత చక్కెరను పులియకుండా మిగిల్చినది. చెక్ పిల్స్నర్ సరిగ్గా ఆ జాతిది. పులియబెట్టే ముందు ఆ ద్రవంలో నూటికి 12 పాళ్ల దాకా మాల్ట్ సారం ఉంటుంది. పులిశాక కూడా లీటరు బీరు లీటరు నీళ్లకన్నా పది పదిహేను గ్రాములు ఎక్కువ తూగుతుంది. నోటికి తగిలే నిండుతనం అదే. పంచదార పోసి కిక్కు పెంచిన స్ట్రాంగ్ బీరులోనో ఆ పంచదార దాదాపు మొత్తం ఆల్కహాలైపోతుంది, మిగిలే బరువు తక్కువ. అంటే ఈ నీళ్ల గ్లాసు కోర్టులో బార్లీ, హాప్స్, ఈస్ట్, నీళ్లు తప్ప ఇంకేమీ లేని బీరు దోషి. పంచదార బీరు ఇంచుమించు నిర్దోషి.

బీరును అనుమానించడం తప్పని నేననను. పిల్స్నర్‌కు పేరిచ్చిన పిల్సెన్ ఊరివాళ్లు 1838లో, తాగడానికి పనికిరాదని 36 పీపాల బీరును టౌన్ హాలు ముందే పారబోశారు. ఆ కోపంలోంచే ఊళ్లో బీరు కాచే హక్కున్న వాళ్లంతా కలిసి కొత్త బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే 29 ఏళ్ల వాణ్ని పిలిపించారు. 1842 అక్టోబర్ 5న అతను మొదటి విడత కాచాడు. లవణాలు బాగా తక్కువున్న ఆ ఊరి నీళ్లు, లేత రంగు మాల్ట్, జాటెత్స్ ప్రాంతపు హాప్స్, నేలమాళిగల చలిలో నిదానంగా పులియడం. ఇవాళ ప్రపంచమంతా తాగే బంగారు రంగు లాగర్లు, మన కింగ్‌ఫిషర్‌తో సహా, ఆ వంశంలోవే.

"మరి గ్లిజరిన్ తియ్యకపోతే మర్నాడు తలనొప్పి ఎందుకొస్తోంది?" దీనికి జవాబు లేబుల్ మీదే ఉంది, చదివే ఓపిక ఉంటే. 650 మిల్లీలీటర్ల సీసా, 8 శాతం ఆల్కహాలు: లోపల 52 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో, 42.8 శాతం లెక్కన, ఉండేది సుమారు 26. అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు లార్జిలతో సమానం. "బీరే కదా, అదీ గ్లిజరిన్ తీసేసింది" అనుకుని మూడోది కూడా ముగించి బండి తాళాలు అందుకునేవాడు ఆరు లార్జిలు వేసుకున్నవాడు. ఈ పుకారును నవ్వి వదిలెయ్యలేనిది ఇక్కడే. పోలికకు, ఆ పిల్సెన్ బ్రూవరీదే అయిన, 4.4 శాతం ఉండే పిల్స్నర్ ఉర్కెల్ అరలీటరులో ఉండేది 22 మిల్లీలీటర్లు.

మిగతావి త్వరగా. నల్ల బీరులో మత్తెక్కువ అంటారు: డ్రాట్ గిన్నిస్‌లో ఉండేది 4.2 శాతం. ఆకుపచ్చ సీసాది మేలు రకం అంటారు: వెలుగు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి గంధకపు కంపు పుడుతుంది, దాన్ని గోధుమ రంగు సీసా ఆపినంతగా ఆకుపచ్చది ఆపలేదు. చిటికెడు ఉప్పేస్తే రుచి పెరుగుతుందంటారు: గ్యాసు పొంగిపోతుంది, అంతే. కిడ్నీలో రాళ్లు కరుగుతాయంటారు: కరగవు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

"నురగంటే మోసం" అన్నదాని దగ్గర మాత్రం కాస్త తగ్గాలి. బీరుకు నురగ కావాలి. వాసనను పట్టి ఉంచేదీ, కింది బీరుకు గాలి సోకకుండా కాపాడేదీ అదే. చెక్ పబ్బుల్లో మ్లీకో అని గ్లాసంతా తడి నురగే పోసిస్తారు, అది దిగిపోకముందే గబగబా తాగేస్తారు. కానీ అక్కడి గ్లాసు మీద కొలత గీత ఉంటుంది. బీరు గీతను అందుకోవాలి, నురగ దాని పైన నిలవాలి. మన దగ్గర చాలాచోట్ల మగ్గుకు గీతే ఉండదు. అలాంటప్పుడు మూడు వేళ్ల నురగకు నేనెందుకు డబ్బివ్వాలి అని అడిగేవాణ్ని తప్పుపట్టలేను. గీత ఉన్న గ్లాసు కావాలని అడగండి. నురగ తీసెయ్యమని మాత్రం అడగకండి.

పిల్స్నర్ మంచిదో కాదో తెలుసుకోవాలంటే ముక్కూ నోరూ చాలు. అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే బీరు తీర్పరుల సంస్థ పద్ధతిలో న్యాయనిర్ణేతలు 50 మార్కులకు దిద్దుతారు. అందులో రుచికి 20, వాసనకు 12, చూపులకు మూడంటే మూడు. ఐసులాంటి చలిలో ముక్కుకు ఏమీ అందదు, 6-8 డిగ్రీలు సరిపోతుంది. గ్లాసులో సబ్బు వాసన గానీ జిడ్డు గానీ ఉండకూడదు. మిర్చి బజ్జీ తిన్న పెదాల నూనె చాలు నురగ చావడానికి, కాబట్టి మంచింగ్ తర్వాత. పోసిన వెంటనే వాసన చూడండి. రొట్టె పైపొరలాంటి మాల్ట్ వాసన, దాని మీద ఆకుల, పూల వాసన రావాలి. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే కాచడంలో లోపం. తడిసిన అట్ట వాసన వస్తే పాతబడింది. వెన్న వాసన చెక్ రకంలో లీలగా ఉంటే క్షమిస్తారు, జర్మన్ రకంలో క్షమించరు. తర్వాత తాగండి, మింగండి. వైన్‌ను ఉమ్మినట్టు బీరును ఉమ్మరు, ఎందుకంటే మింగాక చేదు ఎలా ముగుస్తుందన్నదే పెద్ద పరీక్ష. నిక్కచ్చిగా వచ్చి, నోరు కడిగి, మరో గుక్క అడిగేలా వెళ్లిపోవాలి. గొంతులో గీరుతూ ఉండిపోతే మార్కులు కొయ్యండి. స్ట్రాంగ్ బీరు మీద పిల్స్నర్ తాగి చప్పగా ఉందనకండి, వరస మార్చండి.

కొనేటప్పుడు, వైన్స్‌లో ట్యూబులైటు వెలుగులో అద్దాల ఫ్రిజ్ ముందు వరసలో నిలబెట్టిన సీసాను వదిలేసి, అట్టపెట్టెలోంచి తీసిమ్మనండి. తయారీ తేదీ చూడండి. మూడు నెలల లోపుదైతే తీసుకోండి, గడువు దగ్గరపడిందైతే వెనక్కివ్వండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.