వట్టివేళ్ల తడికెయు, పైరుల చలువయిల్లును

వేసవి వచ్చినతోడనే గుమ్మమునకు వట్టివేళ్ల తడికె గట్టి నీళ్లు చిలుకరించుట మన సోదరీమణులకు క్రొత్త గాదు. తడిసిన వేళ్లయందలి నీరు ఆవిరి యగుచు గాలిలోని వేడిమిని హరించును గనుక లోనికి వచ్చుగాలి చల్లబడును. ఈ యుపాయమునే నేడు పైరులకును వాడుచున్నారు.

గ్రీన్‌హౌస్ అనునది మొదట శీతలదేశములవారి యేర్పాటు. అచ్చట అద్దపుటింటిలో సూర్యుని వేడిమిని నిలిపి మొక్కలకు వెచ్చదనము గూర్తురు. రాప్తాటియందు చిక్కు దీనికి వ్యతిరేకము. అనంతపురము జిల్లాలో వాన యేటికి సుమారు 550 మిల్లీమీటర్లే. వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. ప్లాస్టిక్ కప్పిన యింట గాలి కదలకున్నచో టమాటా నారు ఒక్క మధ్యాహ్నములోనే వడలిపోవును. చలికాలపు రాత్రులయందు తెరలు దించిన చాలును. వేరుగ వెచ్చజేయ నక్కరలేదు.

చల్లబరచుటకు ఒక గోడకు ముడుతలుగల దళసరి కాగితపు పలకలను బిగించి తడుపుదురు. ఎదుటి గోడకు పెద్ద పంకాలుండును. ఇవి లోనిగాలిని బయటికి లాగగా, బయటిగాలి తడిపలకలగుండ చల్లనై వచ్చును. ఇచ్చటిగాలి పొడిది గనుక సముద్రతీరముకన్న నిది బాగుగ పనిచేయును. రామగిరి గుట్టల గాలిమరలను చూచినవారికి గాలినుండియు, ఎండనుండియు విద్యుత్తు దీయుట వింత గాదు. సూర్యఫలకములతో పంకాలను త్రిప్పవచ్చును. ఎండ హెచ్చిన వేళనే శక్తియు హెచ్చుట యెంత చక్కని పొత్తు! కాని నీరో? త్రాగునీటికే బోరు చాలని యూర, గాలిని చల్లార్చుటకై నీటిని ఆవిరిచేయుటకు మాకు మనసొప్పదు.

చిన్న కమతములవారికి మేము మెచ్చునది నీడవల పందిరి. తెలంగాణమున ఖేతి యను సంస్థ సన్నకారు రైతులకై తక్కువ వెలకు ఇట్టి పందిళ్లను గూర్చి, 2022లో ఎర్త్‌షాట్ బహుమానము బడసినది. వల యెండ తీవ్రమును తగ్గించి, పురుగులను కొంత యడ్డుకొనును. క్రింద బొట్టుబొట్టుగ నీరిచ్చు గొట్టములుండును. పంకాయు లేదు, దాని ఖర్చును లేదు.

పెద్ద చలువయిల్లు గట్టుటకు ప్రభుత్వము రాయితీ యిచ్చినను, మిగిలిన సొమ్మునకు తఱచుగా ఇల్లాలి నగలే కుదువకు బోవును. పెట్టె తాళపుచెవి యిచ్చుటకు ముందు, చైత్రవైశాఖములలో బోరు దినమున కెన్ని గంటలు పోయుచున్నదో, కొన్నియేండ్లకు ప్లాస్టిక్ చినిగినపుడు మరల కప్పుట కెంత యగునో యింటివారి నడుగుడు.