కనిపించని ఐదో గుర్తు

ఒక వర్డ్ ప్రాసెసర్‌లో రాసిన పత్రాన్ని మరో ప్రోగ్రాంలోకి తేవాలంటే రెండు మార్పులు జరగాలి. పేజీ రూపం మారాలి, అంటే అంచులు, పట్టికలు, లావు అక్షరాలు. అక్షరాల సంకేతాలూ మారాలి. తెలుగును ఎక్కువ ఏడిపించింది ఈ రెండోదే.

పేజీ రూపం చిక్కు పాతది. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ మొదలు ప్రతి ప్రోగ్రామూ తనకే అర్థమయ్యే గుర్తులతో ఫైలు దాచుకునేది. 1987లో మైక్రోసాఫ్ట్ ఆర్‌టీఎఫ్ తెచ్చింది. ఏ మాట లావుగా ఉండాలి, ఏ ఫాంటులో ఉండాలి అనేది మామూలు అక్షరాల్లోనే రాసిపెట్టే పద్ధతి అది. ఆ తర్వాత ఓడీఎఫ్ 2006లో, వర్డ్ వాడే డాక్స్ రకం 2008లో అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి.

తెలుగు పత్రాల దారి వేరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల డీటీపీ సెంటర్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో తయారయ్యేవి. పాత ఫాంటులో ఉండేవి 256 గదులే. గుణింతాలూ ఒత్తులూ అన్నీ అందులో పట్టవు. అందుకే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ అక్షరాన్ని ముక్కలు చేసి ఇంగ్లిషు అక్షరాల గదుల్లో సర్దారు. కంటికి తెలుగు, కంప్యూటరుకు ఇంగ్లిషు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల గుంపే కనిపిస్తుంది.

యూనికోడ్ తొలి కూర్పు 1991లో వచ్చింది. తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, ఆకారానికి కాక అక్షరానికే సంకేతం ఇచ్చింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడంతో ఈ పద్ధతి మామూలు కంప్యూటర్లకూ చేరింది. అప్పటికే పేరుకుపోయిన పాత ఫైళ్ల కోసం మార్పిడి సాధనాలు పుట్టాయి. వాటిలో వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడుతున్న రోజుల్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోనే వాటిని యూనికోడ్‌లో చూపించేది.

ఏ మార్పిడి సాధనమైనా ముక్కకు ముక్క మార్చి ఊరుకుంటే చాలదు. ‘సూర్యాపేట’లోని ‘ర్యా’నే చూడండి. పాత ఫాంటులో చూపు వరుస: ముందు దీర్ఘంతో ‘రా’, తర్వాత యకారపు ఒత్తు. యూనికోడ్‌లో పలుకు వరుస: ర, పొల్లు, య, చివర దీర్ఘం. సాధనం ఒత్తును వెనక్కి జరిపి, దీర్ఘాన్ని దాని తర్వాత పెట్టాలి. ఇక పత్రంలో నిజమైన ఇంగ్లిషు మాటలుంటే, ఏ మాటకు ఏ ఫాంటో తెలియాల్సిందే. ఆ వివరం ఆర్‌టీఎఫ్, డాక్స్ ఫైళ్లలో ఉంటుంది. వట్టి అక్షరాలుగా కాపీ చేస్తే అది పోయి ఇంగ్లిషు మాటలు కూడా పిచ్చి తెలుగుగా మారతాయి. రూపమూ అక్షరమూ ఒకదాన్నొకటి వదలవనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

‘పెన్‌పహాడ్’ అనే మండలం పేరు ఇంకా సున్నితమైన పరీక్ష. ఈ పేరుకు యూనికోడ్‌లో పది సంకేతాలు. ఐదోది కంటికి కనిపించదు. ‘న్’ తర్వాత ఉండి, దాన్ని ‘ప’తో కలవకుండా ఆపుతుంది. మార్పిడిలో అది జారిపోతే ‘న’ కింద పకారపు ఒత్తు చేరి ‘పెన్పహాడ్’ అవుతుంది. కొందరు రెండు మాటలుగా విడదీసి ‘పెన్ పహాడ్’ అంటారు. మండలం ఒకటే అయినా, అక్షరాలను ఉన్నదున్నట్టు పోల్చే వెతుకులాటకు ఇవి మూడు వేర్వేరు పేర్లు. అందుకే ఊళ్ల జాబితాలు మార్చేవారు వెతికే ముందు ఖాళీనీ, ఆ కనిపించని గుర్తునూ పక్కన పెట్టి పోల్చేలా ప్రోగ్రాం రాసుకోవాలి.