ఆటలోనే వచ్చు గజ్జనొప్పి



మా యింట నుండి చదువుకొనుచున్న మా యాడుబిడ్డ కుమారుఁడు కబడ్డీ యాటయందు మిక్కిలి యాసక్తి గలవాఁడు. రెండేండ్ల క్రిందట వాఁడు ఆట మొదలిడిన కొంతసేపటికే కుడిగజ్జ పట్టుకొని కూలఁబడుచుండెను. ఇంటికి వచ్చి విశ్రమించినంతనే నొప్పి మాయమయ్యెడిది. ఇంట హాయిగా నడచు బాలుఁడు ఆటస్థలమందే కుంటుట చూచి, ఓటమికి వెఱచి పన్నిన సాకని మేమే పలుమార్లు పరిహసించితిమి. నొప్పి గల చోటు చెప్పుకొన సిగ్గుపడి వాఁడును మౌనము వహించెను. మా పరిహాసము ఎంత యన్యాయమో తరువాతఁ దెలిసినది.

ఆటగాండ్రకు గజ్జలలో నొప్పి సాధారణముగా తొడలోపలి కండరములు దెబ్బతినుటచే వచ్చును. కాని నెలలు గడచినను మానని నొప్పికి, కొందఱియందు, నాడి నొక్కఁబడుటయే కారణము. 2014వ సంవత్సరమున దోహా నగరమునఁ గూడిన 14 దేశముల నిపుణులు 24 మంది యీ నొప్పులను వర్గీకరించుచు, దీనిని ఇతర కారణములలోఁ జేర్చిరి.

అట్టి నాడులలో నొకటి అబ్ట్యురేటరు నాడి. ఇది నడుమునందలి వెన్నునుండి బయలుదేఱి, కటివలయములోఁగా సాగి, యొక చిన్న రంధ్రముగుండ వెలువడి తొడలోపలి కండరములఁ జేరును. అచ్చటి కండరములపైఁ గప్పిన పొర దళసరియై యీ నాడిని బిగించునని 1997లో ఆస్ట్రేలియా వైద్యులు 32 మంది రోగుల వృత్తాంతముతోఁ బ్రకటించిరి. మఠము వేసికొని చాలసేపు కూర్చుండి లేచినపుడు మన కాలు తిమ్మిరెక్కుట లేదా? నొక్కఁబడిన నాడి గుణ మట్టిది.

దీని లక్షణములు తెలిసికొనఁదగినవి. పరుగెత్తుకొలఁది నొప్పి గజ్జలోని యెముకచెంత మొదలై తొడలోపలివైపున మోకాలిదిశగా దిగును. కాలు బలహీనమగును. విశ్రాంతితో శమించును. కావున నెమ్మదిగానున్న వేళఁ బరీక్షించిన నేమియుఁ గానరాకపోవచ్చును. వ్యాయామము చేసిన వెంటనే చూడవలెను. కండరములలోని విద్యుత్సంచలనమును సూదితోఁ గొలుచు పరీక్షయుఁ గలదు.

మా బాలునికి వైద్యులు ఆ నాడిచెంత మత్తుమందు సూది వేసి పరుగెత్తించిరి. నొప్పి రాలేదు. “అత్తయ్యా, ఇప్పుడైన నమ్మితిరా?” అని వాఁడడిగిన మాటకు మాకు కన్నీరే బదులయ్యెను. మర్దనమువలనను అంగసాధనలవలనను గుణము గానరాక, శస్త్రచికిత్సచే ఆ పొరను విడఁదీసి నాడిని వదులు చేసిరి. కొన్ని వారములకు వాఁడు మరల బరిలో దిగెను.

ప్రతి గజ్జనొప్పియు నాడిదోషము కాదు. గజ్జలో గడ్డ కనఁబడినను, జ్వరము తోడైనను జాగు చేయరాదు. మగపిల్లలకు అండమున హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినచో ఆ గడియలోనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను. ఎదుగు వయసు పిల్లలు గజ్జనొప్పితోఁ గాని మోకాలినొప్పితోఁ గాని కుంటుచున్నచో తుంటికీలును జూపింపవలెను.

తల్లులారా! ఆటలోనే వచ్చి యింట మాయమగు నొప్పి నటన యని తలంపకుఁడు. మగపిల్లలైనను ఆడుపిల్లలైనను సిగ్గు విడిచి చెప్పుకొనునట్లు వారితో మెలఁగుఁడు. మేము ఆలస్యముగా నేర్చిన యీ పాఠమును మీరు ముందుగానే నేర్తురుగాక!