మెట్ల నడుమ పల్లము

వీణ మెట్లమీద వ్రేలు నడచు తీరును దగ్గరనుండి చూచినవారికి ఒక సంగతి తెలియును. మెట్టుమీద తీగెను నొక్కి మీటినంతమాత్రమున మనకు కావలసిన స్వరము పలుకదు. తీగెను ప్రక్కకు లాగి, ఆ లాగుటలో పైస్వరమును తాకించి, మరల మెల్లగా దింపి, ఆ ఊగులాటలో రాగమునకు ప్రాణము పోయవలయును. వీణ మెట్లు మైనపు దిమ్మెలపై ఎత్తుగా నిలిచి, వాని నడుమ చోటు ఖాళీగా ఉండుటచేతనే ఈ పని సాగును. గిటారునకు అట్టి అవకాశము లేదు. దాని మెట్లు చదునైన చెక్కలో సన్నగా పొదిగియుండును. వ్రేలు తీగెను నొక్కగానే క్రింది చెక్క తగిలి అడ్డుపడును. 1970వ దశకము నడుమ, జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్ల విద్వాంసునికొరకు ఏబ్రహాం వెక్టర్ అను వాద్యశిల్పి ఒక గిబ్సన్ గిటారును మలచుచు, మెట్టుకును మెట్టుకును నడుమనున్న చెక్కను లోనికి పల్లముగా తొలిచెను. ఆ పల్లమువలన తీగె క్రింద వ్రేలికి చోటు దొరకెను. ఇంకను, గిటారు నాభిమీదుగా, అసలు తీగెలకు అడుగున, ఏటవాలుగా ఏడు తీగెలను అదనముగా బిగించెను. అవి మన తాళపు తీగెలవలెను తంబురావలెను శ్రుతిని నిలుపుటకు.

మెక్‌లాఫ్లిన్ మన విద్వాంసులతో కూర్చిన ‘శక్తి’ అను బృందము చరిత్ర యంతయు నాకు ఆ పల్లములోనే కనబడుచుండును. పరదేశమువాడు మన రాగమును తన వాద్యముపై పలికింప దలచినపుడు, రాగమును కత్తిరించి వాద్యమునకు సరిపెట్టుట సులభమైన దారి. లోకములో నూటికి తొంబదిమంది త్రొక్కుదారియు నదియే. ఇతడు తన వాద్యమునే తొలిపించుకొనెను.

మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండునందలి యార్క్‌షైరు సీమలో, డాన్‌కాస్టరున జన్మించెను. తల్లి వయొలిన్ వాయించునది. 1969లో అమెరికా చేరి, జాజ్ సంగీతమునకు తలమానికమైన ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ సరసన ‘ఇన్ ఎ సైలెంట్ వే’, ‘బిచెస్ బ్రూ’ అను రికార్డులలో వాయించెను. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను నెలకొల్పెను. ‘మహావిష్ణు’ అనునది ఆయన గురువగు శ్రీ చిన్మయ్ ఒసగిన పేరు. ఆ బృందము సంగీతము పిడుగుపాటు. రెండు మెడల విద్యుత్తు గిటారు, చెవులు గింగురుమనిపించు ధ్వనివర్ధకములు, వేలమంది యువజనుల కేకలు. ఆ ఘోష నడుమ నుండియే ఆయన, కనెక్టికట్ రాష్ట్రములోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టరు ఎస్. రామనాథన్ గారి యొద్ద వీణ పాఠమునకు కూర్చుండెను. పేరు ప్రఖ్యాతులు చేతినిండుగా నున్న మనుష్యుడు మరల సరళీస్వరములయొద్దకు విద్యార్థియై పోవుట ఎంత కష్టమో సంగీతము నేర్చినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ వెస్లియన్‌లోనే వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ తటస్థించెను, రామనాడ్ రాఘవన్ అచట మృదంగము నేర్పుచుండెను. తబలాకు, పంజాబు ఘరానాకు చెందిన అల్లారఖా ఖాన్ కుమారుడు జాకిర్ హుసేన్. ఘటమునకు, మద్రాసులో 1958లో శ్రీ జయ గణేశ తాళవాద్య విద్యాలయమును స్థాపించిన హరిహరశర్మ కుమారుడు విక్కు వినాయకరామ్. మెక్‌లాఫ్లిన్‌తో కూడ ఈ అయిదుగురు 1975 జూలై 5వ తేదీన న్యూయార్కు సమీపమున, లాంగ్ ఐలండ్ దీవిలోని సౌత్‌హాంప్టన్ కళాశాలలో చేసిన కచేరియే మొదటి రికార్డుగా మరుసటి సంవత్సరము వెలువడెను. అందరును నేలపై బాసింపట్టు వేసికొని కూర్చుండిరి. ముందటి బృందములో నిలుచుండి ఆకాశము చిల్లిపడునట్లు వాయించినవాడు, ఇపుడు తంత్రులు తప్ప విద్యుత్తు లేని గిటారును ఒడిలో బెట్టుకొని మన విద్వాంసుల నడుమ కూర్చుండుట చూచి, పాతబృందపు అభిమానులు పెక్కుమంది దిగ్భ్రాంతులైరి. రికార్డులు మునుపటివలె అమ్ముడుపోలేదు. ఆయన వెనుదిరుగలేదు.

ఈ వ్యాసము ప్రారంభించుటకు ముందు ఆ రికార్డును మరల వింటిని. ‘జాయ్’ అను మొదటి అంశము సుమారు 18 నిమిషములు. మొదటి క్షణముననే గిటారును వయొలినును ఒకే వాక్యమును ఒకే ఊపిరిలో, ఊహింపరాని వేగమున పలుకుచు దూకును. ప్రథమ శ్రవణమున అది వేగముచేతనే మనలను లోబరచుకొనును. పదవమారు వినునపుడు గాని అందలి అసలు విశేషము తెలియదు. ఒకడు వాయించుచుండగా తక్కిన నలుగురు ఏమి చేయుచున్నారో విననేర్చినపుడు అది తెలియును.

జాజ్ విద్వాంసుని స్వేచ్ఛకును మన మనోధర్మమునకును గల చుట్టరికమును గూర్చి ఇచట కొంత చెప్పవలసియున్నది. బ్లూస్ పాటకు సామాన్యముగా 12 కొలతల చుట్టు ఒకటి యుండును. ఆ చుట్టులో స్వరసంపుటములు, అనగా పాశ్చాత్యులు కార్డులనునవి, ఒక క్రమమున మారుచుండును. వాద్యగాడు ఆ చుట్టును మరల మరల తిరుగుచు, తిరిగినపుడెల్ల క్రొత్త పోకడ కల్పించును. మన విద్వాంసుడు స్వరకల్పన చేయునపుడు తాళావర్తనమను చుట్టులో తిరుగుచు, ప్రతిమారు పల్లవి ఎత్తుగడకు వచ్చి చేరును. రెండింటను చుట్టు కలదు, దానిలో స్వేచ్ఛ కలదు, తిరిగి ఇల్లు చేరవలసిన నియమము కలదు. భేదమెక్కడ? జాజ్‌వానికి క్రింద నేల కదలుచుండును. స్వరసంపుటము మారుచుండుటచేత నిన్నటి స్వరము నేడు చెల్లదు. మనకు నేల కదలదు. షడ్జము తంబురాలో నిలిచియే యుండును, స్వరము తానే గమకమై కదలును. కదలు నేలమీద నడచుట నేర్చినవాడు కదలని నేలమీద నిలుచుట నేర్వవలయును. అందులకే ఆ ఏడు అదనపు తీగెలు, ఆ పల్లము.

లయ సంగతి యింకను రమ్యము. ఆది తాళపు ఆవర్తనమునకు 32 మాత్రలని పట్టుకొందము. ‘తదిగిణతొం’ అను అయిదు మాత్రల జతిని మూడుమార్లు పలికిన 15 మాత్రలు. నడుమ రెండు చోట్ల ఒక్కొక్క మాత్ర విరామమిచ్చిన 17. కావున మొదటి 15 మాత్రలు గడచిన పిమ్మట ఎత్తుకొన్నచో, ముక్తాయింపు సరిగా సమమునకు వచ్చి వ్రాలును. చేతిమీద తాళము వేసికొని చూడుడు. వ్రాలిన క్షణమున గుండెలో కలుగు తృప్తి ఎట్టిదో అనుభవమునకు వచ్చును. హిందుస్తానీవారు తిహాయి అనునదియు ముమ్మారు పలికి సమమున వ్రాలు ఈ లెక్కయే. ఆ రోజులలో ఉత్తరాదివారును దక్షిణాదివారును ఒకే వేదికపై కూర్చుండుట అరుదు. మన తాళమును వారు, వారి తాళమును మనము పరాయిదిగా చూచుట పరిపాటి. అట్టి కాలమున ఘటమును తబలాయు ఎదురెదురుగా కూర్చుండి, ఒకరి జతిని ఒకరందుకొని, తని ఆవర్తనములో వలె కొలతను సగమునకు, దానిలో సగమునకు తగ్గించుకొనుచు, తుదకు ఒకే ముక్తాయింపులో కలిసి దిగుట ఈ బృందమున జరిగెను. ఆంగ్లేయుని గిటారును గూర్చి లోకము చెప్పుకొనును గాని, నా మనస్సునకు ఈ బృందము చేసిన పెద్ద పని మన దేశపు రెండు కొసలను ఒక చాపమీదికి తెచ్చుట. మెక్‌లాఫ్లినును ఈ లెక్కను వదలలేదు. జతులను నోటితో పలుకు కొన్నకోలు విద్యను నేర్చి, పిమ్మటి కాలమున పాశ్చాత్య విద్యార్థులకు దానిని బోధించువాడాయెను.

మెచ్చుకొనుచు లోపమును దాచుట రసికధర్మము కాదు. వేగమునకు వేగము, ప్రశ్నకు ప్రశ్న, జగడమువంటి ఆ వాదము కొన్నియెడల శ్రుతి మించును. రాగము ఊపిరి తీసికొనుటకైన తావులేక అలసిపోవును. మూడవ రికార్డయిన ‘నేచురల్ ఎలిమెంట్స్’ 1977లో వచ్చునాటికి అంశములు పొట్టివై, పాటలకు సమీపించి, మొదటినాటి గాంభీర్యము కొంత పలుచబడెను. నాకు మొదటి రికార్డులో నడిమి అంశమే ప్రాణము. దాని పేరు ‘లోటస్ ఫీట్’, పాదపద్మములు. అయిదు నిమిషములకు లోపే ముగియును. అందు పోటీ లేదు, లెక్క లేదు. చీకటి గుడిలో దీపము చేతబట్టుకొని నడచువాని అడుగులవలె స్వరములు ఒక్కొక్కటే పడును.

1978 నాటికి ఆ బృందము విడిపోయెను. ఇచట కథ మన గోదావరి తీరమునకు వచ్చును.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణగారి మాండలినును పసితనముననే చేత బట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. వారు గొంతెత్తి పాడెడివారు, పిల్లవాడు ఆ గొంతును తీగెమీద వెదకికొనెడివాడు. ఒక్కసారి ఆలోచింపుడు: చూచి అనుకరించుటకు ముందొక చేయి లేదు, వ్రేలెక్కడ పెట్టవలయునో చెప్పువాడు లేడు, చెవి వినినదానిని వ్రేలు స్వయముగా కనుగొనవలసియుండెను. ఇటలీనుండి వచ్చిన మాండలినునకు నాలుగు జతలుగా ఎనిమిది తీగెలు. జంటతీగెలు రెండింటిని సమముగా లాగుట కుదరదు గనుక గమకము పలుకదు, మీటిన నాదము క్షణములోనే ఆరిపోవును. ఆయన జతలను విడగొట్టి ఒంటితీగెలు పెట్టెను. మంద్రస్థాయికై అయిదవ తీగె చేర్చెను. నాదము నిలుచుటకు విద్యుత్తును ఆశ్రయించెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములలో తొమ్మిదేండ్ల ప్రాయమున కచేరి చేసెను. ఈ పెద్దమనుషుల వాద్యసభలో విదేశపు బొమ్మ యేమిటని సందేహించినవారు లేకపోలేదు. కాని బాలుస్వామి దీక్షితులు తెచ్చిన వయొలిన్, విజయనగరములో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేత మనదైపోయిన జాతికి ఆ సందేహము ఎంతకాలము నిలుచును?

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవములో ఆ బాలుడు కర్ణాటక సంగీతమునే వాయించెను; జాజ్ శ్రోతలని జాజ్ కలుపలేదు. అచటి జనులు తమ భాష కాని దానిని తమదిగా గుర్తించి ఆదరించిరి. యార్క్‌షైరువాడు చెక్కను తొలిపించుకొనినట్లే పాలకొల్లువాడు తీగెలను త్రెంచుకొనెను. ఇరువురును ఎదుట కూర్చుండుటకు ముందే, ఎవరి యింట వారు, గమకమునకు చోటు చేసి యుంచిరి.

1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్ ‘రిమెంబర్ శక్తి’ అను పేర బృందమును మరల కూర్చిరి. మొదటి యాత్ర ఇంగ్లండులో; వేణువునకు హరిప్రసాద్ చౌరాసియా. ఆ పిమ్మట ఆ చోటునకు శ్రీనివాస్ వచ్చెను. వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజిరతో తండ్రి స్థానమున కూర్చుండెను. తరువాత గాయకుడు శంకర్ మహదేవన్ చేరెను. ఆ నాటికి మెక్‌లాఫ్లిన్ చేతిలో పల్లపు గిటారు లేదు, విద్యుత్తు గిటారే. అయినను ఆ పల్లము నేర్పిన నడక వ్రేళ్లలో నిలిచియుండెను. గిటారు అడిగినదానికి మాండలిన్ తలయూచి, తొందరపడక, ఆ వాక్యమునే రాగపు వంపులో త్రిప్పి యప్పగించుట ఆ రికార్డులలో వినబడును.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో తనువు చాలించెను. వయస్సు 45. ఆ వార్త విన్ననాటి దుఃఖము పాలకొల్లు గాని పరిసరములు గాని నేటికిని మరువలేదు. శక్తి బృందము 45 ఏండ్లకు పైబడిన విరామముపై ‘దిస్ మోమెంట్’ అను పేర స్టూడియోలో క్రొత్త రికార్డు చేసి 2023 జూన్ 30న వెలువరించెను. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్. అందు మొదటి అంశము పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’, శ్రీని కల. 2024 ఫిబ్రవరి 4న దానికి గ్రామీ బహుమానము వచ్చెను. జాకిర్ హుసేన్‌కు ఆ రాత్రి మొత్తము మూడు. అదే సంవత్సరము డిసెంబరు 15న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయనయు వెడలిపోయెను.

‘లోటస్ ఫీట్’ను ఈ బృందము విడువలేదు. 1975లో దానిని వయొలినుతోను, 1997లో వేణువుతోను, ‘ది బిలీవర్’ అను రికార్డులో మాండలినుతోను వాయించిరి. మూడింటిని వరుసగా పెట్టుకొని ఒక రాత్రి వింటిని. మూడవదానిలో మాండలిన్ వంతు వచ్చినపుడు అందు ఆడంబరమేమియు లేదు. ఒంటితీగె. ఒక స్వరమునుండి పై స్వరమునకు అతడు జారుదారిని పట్టెను. చేరువరకు జాకిర్ తబలాపై చేయి ఆపియుంచెను, చేరినపిమ్మట ఒక్క దెబ్బ, మెత్తగా.