కర్నూలు-కడప కాలువ నీటి హక్కు

కర్నూలు-కడప కాలువ (కె.సి. కాలువ) తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై నంద్యాల ప్రాంతం మీదుగా కడప వరకు పారే కాలువ. దీని చరిత్ర అంతా ఒక సరిహద్దు నది నీటిపై అధికారం ఎవరిదన్న వివాదమే.

1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకొనగా, ఇక్కడ ఉత్తరపు ఒడ్డు మాత్రమే హైదరాబాదు సంస్థానానికి మిగిలినది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో పడవల రాకపోకలకు కూడా పనికివచ్చునట్లు ఈ కాలువ తవ్వించినది. ఆశించిన లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనుగోలు చేసినది.

ఎగువన హోస్పేట వద్ద జలాశయం కట్టుటకు మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1944లో గాని ఒడంబడికకు రాలేదు. బచావత్ ట్రిబ్యునల్ 1976 తుది తీర్పులో కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి.లు, ఎదుటి ఒడ్డుకు నీరిచ్చే రాజోలిబండ మళ్ళింపు పథకానికి 17.1 టి.ఎం.సి.లు దక్కినవి. అయితే కె.సి. వాటాలో జలాశయం నుండి విడుదల కావలసినది 10 టి.ఎం.సి.లు మాత్రమే. మిగిలినది నదిలో సహజంగా వచ్చే ప్రవాహం. వానలు తప్పిన ఏట అది కాగితం మీది నీరే. అందుకే రాజోలిబండ ఆనకట్ట తూములు మూయాలని అలంపురం రైతులు, తెరచి ఉంచాలని కర్నూలు రైతులు పట్టుబట్టినారు.

1956లో సుంకేసుల వద్ద రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చినా తగవు తీరలేదు. 2014లో ఆ నది మళ్ళీ సరిహద్దు అయినది.